ప్రయోగం కాగితం మీద ఉండగానే అడగండి: బయోసేఫ్టీ కమిటీల సభ్యులకు బహిరంగ లేఖ

విశ్వవిద్యాలయాల్లో, పరిశోధనా సంస్థల్లో, టీకా కంపెనీల్లో పనిచేస్తున్న ఇన్‌స్టిట్యూషనల్ బయోసేఫ్టీ కమిటీల సభ్యులకు,

నమస్కారం.

ఈ లేఖ ఢిల్లీలో మంత్రిగారికో, బయోటెక్నాలజీ విభాగం కార్యదర్శిగారికో రాయొచ్చు. కావాలనే మీకు రాస్తున్నాను. జన్యుమార్పిడి సూక్ష్మజీవులతో పనిచేసే ప్రతి సంస్థలోనూ మీ కమిటీ ఉండి తీరాలని 1989 నాటి నిబంధనలు చెబుతున్నాయి. సంస్థ అధిపతి, కొందరు శాస్త్రవేత్తలు, ఒక డాక్టరు, బయోటెక్నాలజీ విభాగం తరఫున ఒక ప్రతినిధి అందులో కూర్చుంటారు. ప్రమాదం ఎక్కువున్న పనులు మీ దగ్గర నుంచి ఆర్‌సీజీఎం అనే జాతీయ కమిటీకి వెళ్తాయి. కానీ మొదట చూసేది మీరే. ఫలానా వైరస్‌ను ఫలానా విధంగా మారుస్తామని ఒక శాస్త్రవేత్త రాసిన కాగితం, వైరస్ ఇంకా పుట్టకముందు, మీ చేతిలోకి వస్తుంది.

నేను పశువైద్యుణ్ని. గోదావరి జిల్లాల్లో కోళ్ల ఫారాల మధ్య ఉద్యోగం చేసి రిటైరయ్యాను. వైరాలజీలో మీకు పాఠం చెప్పే అర్హత నాకు లేదు. ఫ్లూ వైరస్ బయటపడితే మొదట గుంటలు తవ్వి సున్నం చల్లేది మా శాఖవాళ్లు, మొదట మునిగేది మా కోళ్ల రైతులు. ఆ హక్కుతో రాస్తున్నాను.

2025 ఫిబ్రవరి మీకు గుర్తుండే ఉంటుంది. తణుకు మండలం వేల్పూరులో, పెరవలి మండలం కానూరు అగ్రహారంలో కోళ్లు గుట్టలుగా చచ్చిపోతే నమూనాలు భోపాల్ ల్యాబ్‌కు వెళ్లాయి. హెచ్5ఎన్1 అనే బర్డ్ ఫ్లూ వైరస్ అని తేలింది. కిలోమీటరు పరిధిలో ఉన్న కోళ్లన్నిటినీ చంపి పూడ్చారు, పది కిలోమీటర్ల వరకు నిఘా పెట్టారు. తెలంగాణ సరిహద్దుల్లో కోళ్ల లారీలను వెనక్కి పంపారు. మార్చిలో పల్నాడు జిల్లాకు చెందిన రెండేళ్ల పాప మంగళగిరి ఎయిమ్స్‌లో చనిపోయింది. ఆ పాపకు సోకింది హెచ్5ఎన్1 అని పుణేలోని జాతీయ వైరాలజీ సంస్థ నిర్ధారించింది.

ప్రపంచం మొత్తం మీద 2003 నుంచి ఈ వైరస్ మనుషులకు సోకినట్లు ఖరారైన కేసులు 900 పైచిలుకు. వాళ్లలో చనిపోయినవాళ్లు సగానికి దగ్గర. లెక్కలోకి రాని తేలికపాటి కేసులు కొన్ని ఉంటాయి కాబట్టి అసలు మరణాల శాతం ఇంతకంటే తక్కువే ఉండొచ్చు. అయినా చిన్నదేమీ కాదు. ఇంత దారుణమైన వైరస్ ఇన్నేళ్లుగా ఊళ్లు పట్టుకుపోకుండా ఆగిందంటే దానికి ఒకటే కారణం. అది మనిషి నుంచి మనిషికి గాలిలో తేలిగ్గా పాకలేదు.

పాకేలా చేయొచ్చా అన్నదే 2011లో రెండు ల్యాబులు వేసుకున్న ప్రశ్న.

నెదర్లాండ్స్‌లోని రాటర్‌డ్యామ్‌లో ఎరాస్మస్ మెడికల్ సెంటర్‌లో రాన్ ఫూషియే బృందం ఒకటి, అమెరికాలో విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో యోషిహిరో కవావోకా బృందం రెండోది. ఇద్దరికీ డబ్బిచ్చింది అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సంస్థ ఎన్‌ఐహెచ్. ఫెర్రెట్ అని ముంగిసలా ఉండే ఒక జంతువు ఉంది. ఫ్లూ వస్తే మనిషిలాగే తుమ్ముతుంది, అందుకే దాని మీద పరీక్షలు చేస్తారు. రెండు బృందాలూ తమ తమ పద్ధతుల్లో, పక్క బోనులో ఉన్న ఫెర్రెట్‌కు గాలి ద్వారా సోకే హెచ్5 వైరస్‌ను తయారుచేశాయి. ఫూషియేది ఇండోనేషియాలో దొరికిన హెచ్5ఎన్1 నుంచి వచ్చింది. కవావోకాది 2009 స్వైన్ ఫ్లూ వైరస్‌కు బర్డ్ ఫ్లూ ప్రొటీన్ తగిలించిన రకం. ఏ మార్పులు, ఏ వరసలో అన్నది ఇక్కడ రాయను. ఈ వాదనకు దాంతో పని లేదు.

2011 సెప్టెంబరులో మాల్టా సదస్సులో ఫూషియే ఈ సంగతి చెప్పాక గొడవ మొదలైంది. అమెరికాలో ఇలాంటి విషయాలు చూడ్డానికి 2004లో పెట్టిన ఒక సలహా మండలి ఉంది. రెండు బృందాలూ అచ్చుకు పంపిన వ్యాసాల్లో పద్ధతుల వివరాలు తీసేసి అచ్చు వేయమని అది డిసెంబరులో సలహా ఇచ్చింది. అదే నెల చివర్లో ఎన్‌ఐహెచ్ అధిపతి ఫ్రాన్సిస్ కాలిన్స్, ఆంథనీ ఫౌచీ, గ్యారీ నేబెల్ ముగ్గురూ కలిసి, ఈ ముప్పు తీసుకోదగ్గదేనని పత్రికలో వ్యాసం రాశారు. 2012 జనవరిలో 39 మంది ఫ్లూ శాస్త్రవేత్తలు తమంతట తామే 60 రోజులు పని ఆపుతామన్నారు. ఆ 60 రోజులు ఏడాది దాటాయి. ఫిబ్రవరిలో జెనీవాలో ప్రపంచ ఆరోగ్య సంస్థ పిలిచిన సమావేశం, కొంత ఆగి పూర్తి వ్యాసాలే వేయడం మంచిదంది. మార్చి చివర్లో సలహా మండలి మళ్లీ కూర్చుని మనసు మార్చుకుంది. కవావోకా వ్యాసానికి అందరూ ఒప్పుకున్నారు. ఫూషియే వ్యాసం మీద 12 మంది ఒకవైపు, 6 మంది ఇంకోవైపు. ఆ సమావేశాన్ని ఒకే ఫలితం వచ్చేలా నడిపారని మండలి సభ్యుడు మైకేల్ ఆస్టర్‌హోమ్ తర్వాత ఎన్‌ఐహెచ్‌కు ఘాటుగా లేఖ రాశారు.

ఈలోగా డచ్ ప్రభుత్వం ఇంకో మెలిక పెట్టింది. ఈ వ్యాసాన్ని దేశం దాటించడం ప్రమాదకర సరుకును ఎగుమతి చేయడం లాంటిదే, లైసెన్సు లేకుండా పంపకూడదంది. ఫూషియే మొదట ససేమిరా అన్నారు, చివరికి లైసెన్సు తీసుకునే పంపారు. ఆ తగువు కోర్టుదాకా పోయి 2013లో కింది కోర్టు ప్రభుత్వం వైపే తీర్పిచ్చింది, 2015లో పై కోర్టు ఆ తీర్పును పక్కనపెట్టింది. ఒక శాస్త్రవ్యాసం మీద ఆయుధాల ఎగుమతి చట్టం లాంటిది ప్రయోగించడం సబబా? నాకైతే అది చేతగానితనం నుంచి పుట్టిన కోపంలా కనిపిస్తుంది. వైరస్ అప్పటికే ఫ్రీజర్‌లో ఉంది. వ్యాసాన్ని సరిహద్దులో ఆపితే ఆ ఫ్రీజర్ ఖాళీ కాదు.

నన్ను తొలిచేది ఇంకొకటి. ఇంత రచ్చా వ్యాసం అచ్చు వేయాలా వద్దా అన్నదాని మీదే జరిగింది. చేయాలా వద్దా అన్న ప్రశ్న అడగాల్సిన రోజు అప్పటికి ఎప్పుడో దాటిపోయింది. నిధులిచ్చే దశలోనే ఇలాంటి పనులను గుర్తించాలన్న అమెరికా విధానం 2012 మార్చి 29న వచ్చింది. 15 సూక్ష్మజీవులు, విషపదార్థాలు, 7 రకాల ప్రయోగాలు అందులో ఉన్నాయి. సలహా మండలి రెండోసారి కూర్చున్న రోజే ఆ తేదీ. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఇదే.

పోనీ, ఆ 7 రకాలు అప్పుడే కొత్తగా తట్టినవా అంటే, చాలావరకు కాదు. 2004లోనే అమెరికా జాతీయ పరిశోధనా మండలి ఒక నివేదిక వేసింది. జెరాల్డ్ ఫింక్ అనే జన్యుశాస్త్రవేత్త నాయకత్వంలోని కమిటీ అది. అంతకు మూడేళ్ల ముందు ఆస్ట్రేలియాలో ఎలుకల బెడద తగ్గించబోయిన శాస్త్రవేత్తలు, టీకా వేసిన ఎలుకలను కూడా చంపే ఎలుకమశూచి వైరస్‌ను అనుకోకుండా సృష్టించిన నేపథ్యం దానికుంది. టీకాను పనిచేయకుండా చేసేవి, మందులకు లొంగకుండా చేసేవి, వ్యాధి తీవ్రతను పెంచేవి, ఒకరి నుంచి ఒకరికి పాకే గుణం పెంచేవి, ఇలా ఏడు రకాల ప్రయోగాలను ఆ నివేదిక వరసపెట్టి చెప్పింది. వీటిని మొదట ఎవరు చూడాలో కూడా చెప్పింది. ప్రతి సంస్థలో ఉన్న బయోసేఫ్టీ కమిటీ చూడాలంది. అంటే మీరు. రాటర్‌డ్యామ్, విస్కాన్సిన్ ప్రయోగాలకు ఏడేళ్ల ముందే ప్రశ్నలు రాసి ఉన్నాయి, అడగాల్సినవాళ్లెవరో కూడా రాసి ఉంది. అడిగి తీరాలని మాత్రం ఎవరూ నియమం పెట్టలేదు.

ల్యాబు గట్టిదైతే చాలదా అని మీలో కొందరంటారు. ఎరాస్మస్ ల్యాబు నిజంగానే గట్టిది. కానీ 2014 వేసవిలో అమెరికాలో ఏం జరిగిందో చూడండి. అట్లాంటాలోని ప్రభుత్వ వ్యాధి నివారణ సంస్థ సీడీసీలో, చచ్చిందనుకున్న ఆంత్రాక్స్ బాక్టీరియా బ్రతికే ఉండి, 75 మంది దాకా సిబ్బంది దాని బారిన పడ్డారేమోనని మందులు మింగాల్సి వచ్చింది. తర్వాతి నెల ఎన్‌ఐహెచ్ ఆవరణలో ఒక గది సర్దుతుంటే 1950ల నాటి మశూచి సీసాలు బయటపడ్డాయి. మూడోది మా రంగానిది. సీడీసీ నుంచి వ్యవసాయ శాఖ కోళ్ల ల్యాబ్‌కు హెచ్9ఎన్2 అని, అంటే కోళ్లను పెద్దగా బాధించని రకమని చెప్పి పంపిన నమూనాలో హెచ్5ఎన్1 కలిసిపోయింది. కోళ్లు చచ్చిపోయాకే అది తెలిసింది. ఆ సంగతి సీడీసీ పైవాళ్లకు చేరడానికి వారాలు పట్టింది. ప్రపంచంలో అంతకంటే డబ్బు, క్రమశిక్షణ ఉన్న ల్యాబులు ఎన్ని ఉంటాయి? ఇంకా వెనక్కి వెళ్తే 1977లో చైనా, రష్యాల్లో మొదలై ప్రపంచమంతా తిరిగిన హెచ్1ఎన్1 ఫ్లూ ఉంది. దాని జన్యువులు ఇరవై ఏళ్లకు పైగా ఎక్కడో గడ్డకట్టి ఉన్నట్లు, 1950ల నాటి రకాలతో దాదాపు సరిపోయాయి. ల్యాబు నుంచో, టీకా ప్రయత్నం నుంచో బయటికొచ్చి ఉంటుందని చాలామంది నిపుణుల అనుమానం.

కొవిడ్ ఎక్కడి నుంచి వచ్చిందన్న తగాదాలోకి నేను వెళ్లను. నా వాదనకు దాని అవసరం లేదు. పైగా ఆ మాట ఎత్తగానే సగంమంది చదవడం మానేస్తారు.

ఇక ఈ పరిశోధనలను సమర్థించేవాళ్లు చెప్పేది తేలిగ్గా తీసిపారేసేది కాదు. ఏ మార్పులతో వైరస్ పాకడం మొదలుపెడుతుందో ముందే తెలిస్తే, పొలంలో దొరికిన నమూనాలో వాటి కోసం వెతకొచ్చు, టీకాను ముందే సిద్ధం చేసుకోవచ్చు అంటారు. ఫూషియే, కవావోకా గుర్తించిన మార్పుల్లో కొన్ని అప్పటికే ప్రకృతిలో తిరిగే వైరస్‌లలో విడివిడిగా కనిపించాయి కూడా. గాలి ద్వారా సోకిన ఫెర్రెట్లు చావలేదని ఫూషియే చెప్పిన మాటా మరచిపోకూడదు. మొదట్లో పత్రికలు భయపెట్టినంత రాక్షసి కాదది.

అయినా పొలం వైపు నుంచి చూసినవాడిగా నాకో సందేహం. మన దగ్గర నిఘా ఆగిపోయేది, ఏ మార్పు కోసం వెతకాలో తెలియక కాదు. చచ్చిన కోడిని రైతు చెప్పకుండా కాలవలో పడేస్తాడు, ఎందుకంటే నష్టపరిహారం ఎప్పుడొస్తుందో తెలియదు. చెప్పినా, నమూనా ఐస్‌డబ్బాలో రైలెక్కి భోపాల్ చేరి ఫలితం తిరిగి రావడానికి రోజులు పడుతుంది. మొత్తం జన్యుక్రమం చదివి నలుగురికీ తెలిసేలా పెట్టడం ఇంకా ఆలస్యం. జాబితాలో ఇంకో మార్పు చేరినంత మాత్రాన వేల్పూరు కోడి భోపాల్‌కు ముందే చేరదు.

అదీకాక ప్రశ్నకు జవాబు కావాలంటే ప్రాణమున్న వైరస్సే కావాలని లేదు. 2024లో అమెరికా పాడి ఆవుల్లో హెచ్5ఎన్1 పాకడం మొదలయ్యాక, అది మనిషి గొంతు కణాలకు అతుక్కోవడానికి ఎంత దూరంలో ఉందన్న ప్రశ్న వచ్చింది. కాలిఫోర్నియాలోని స్క్రిప్స్ సంస్థవాళ్లు వైరస్ జోలికి పోకుండా దాని పైపొర ప్రొటీన్‌ను మాత్రమే తయారుచేసి పరీక్షించారు. ఒకే ఒక్క మార్పు చాలునని ఆ ఏడాది డిసెంబరులో ప్రచురించారు. భయపెట్టే ఫలితమే. చెడు చేయదలచినవాడికి అదీ సమాచారమే, కాదనను. కానీ ఆ పని పూర్తయ్యాక ఏ ఫ్రీజర్‌లోనూ కొత్త వైరస్ మిగల్లేదు. అతుక్కోవడం వేరు, గాలిలో పాకడం వేరు, ప్రొటీన్‌తో అన్నీ తేలవు. తేలేవాటికి మాత్రం ఆ దారే పట్టాలి. ఆ దారి ఉందా అని అడిగేవాళ్లు ఉండాలి.

మన దేశం సంగతికి వస్తే, చట్టాలు లేక కాదు. జీవాయుధాల నిషేధ ఒప్పందాన్ని మనం 1974లోనే ఆమోదించాం. సామూహిక విధ్వంస ఆయుధాల మీద 2005 చట్టం ఉంది. ప్రమాదకర సూక్ష్మజీవుల ఎగుమతి మీద అదుపు ఉంది, అలాంటి ఎగుమతుల మీద అదుపు పెట్టే దేశాల కూటమి ఆస్ట్రేలియా గ్రూపులో 2018లో చేరాం కూడా. ఇవన్నీ దుర్బుద్ధి ఉన్నవాణ్ని పట్టుకునేవి. అటు 2017లో వచ్చిన జన్యు పరిశోధనల మార్గదర్శకాల బరువంతా, నా చదువరితనానికి అర్థమైనంతలో, వైరస్ గోడ దాటకుండా చూడటం మీదే. సూక్ష్మజీవి ఏ రిస్క్ గ్రూపు, ల్యాబు భద్రతా స్థాయి అంటే బీఎస్‌ఎల్ ఎంత, గాలి వడపోత ఎలా, వ్యర్థాలు ఎలా అని అడుగుతాయి. ఈ రెంటి మధ్యా ఒక సందు ఉంది. మంచి ఉద్దేశంతో, గట్టి ల్యాబులో, అన్ని అనుమతులతో, అసలు పుట్టించాల్సిన అవసరమే లేని వైరస్‌ను పుట్టించే మనిషి ఆ సందులోంచి నడిచి వెళ్లిపోవచ్చు. రాటర్‌డ్యామ్‌లో అలాగే జరిగింది.

ఇప్పుడు ఇక్కడ ఎవరో అలాంటి పని చేస్తున్నారని నేననడం లేదు. కానీ దూరం మనం అనుకున్నంత లేదు. 2020లో కొవిడ్ టీకా కోసం భారత్ బయోటెక్ చేయి కలిపింది విస్కాన్సిన్‌లోని ఫ్లూ శాస్త్రవేత్తలతోనే, అదీ కవావోకా ల్యాబులో పుట్టిన ఫ్లూ టీకా వైరస్ ఆధారంగానే. అది మంచి పనికే. హైదరాబాద్ జీనోమ్ వ్యాలీకి ఆ విద్య అందుబాటులో ఉందని చెప్పడానికే ఈ మాట. 2024లో కేంద్రం బయోటెక్నాలజీ తయారీని ప్రోత్సహించే బయోఈ3 విధానం తెచ్చింది, డబ్బూ ఉత్సాహమూ రెండూ పెరుగుతాయి. ప్రపోజళ్లు మీ టేబుల్ మీదకు ఇంకా ఎక్కువే వస్తాయి.

కాబట్టి అడుగుతున్నాను. మీ దరఖాస్తు ఫారానికి ఒక్క పేజీ కలపండి. ఆ ఏడు రకాల్లో మీ ప్రయోగం దేనికైనా తగులుతుందా అని శాస్త్రవేత్తనే రాయమనండి. తగులుతుంది అంటే ఇంకో రెండు ప్రశ్నలకు జవాబు కావాలి. ఇదే జవాబు బ్రతికిన వైరస్ లేకుండా, లేదా బలహీనపరచిన రకంతో రాదా? జవాబు వచ్చాక దాన్ని ఎవరు, ఎక్కడ, దేనికి వాడతారు? రెండోదానికి "భవిష్యత్తులో టీకాల తయారీకి ఉపకరిస్తుంది" లాంటి వాక్యాన్ని ఒప్పుకోకండి. ఆ వాక్యం ప్రతి ప్రపోజల్‌లోనూ ఉంటుంది. ఏ టీకా, ఏ పరీక్ష, ఏ నిఘా కేంద్రం అని అడగండి. దీనికి ఢిల్లీ నుంచి ఉత్తర్వు రానక్కర్లేదు.

ఆ చర్చ జరిగే గదిలో బయటివాళ్లు ఒకరుండాలి. ఇది నేను గట్టిగా పట్టుబట్టే విషయం. మీ కమిటీల్లో చాలామంది ఒకే సంస్థ జీతం తీసుకునేవాళ్లు. ఆ గ్రాంటు వస్తే సంస్థకు పేరు, పరికరాలు, పోస్టులు వస్తాయి. రేపు తన ప్రపోజల్ కూడా అదే టేబుల్ మీదకు రావాల్సిన మనిషి పక్కవాడి ప్రపోజల్‌ను ఎంత గట్టిగా ప్రశ్నించగలడు? ఇందులో ఎవరి నిజాయితీనీ శంకించడం లేదు. ఫ్లూ పనులు వచ్చినప్పుడైనా జిల్లా పశుసంవర్ధక శాఖ నుంచి ఒకరిని, ప్రజారోగ్య శాఖ నుంచి ఒక డాక్టరును పిలవండి. జన్యువుల గురించి వాళ్లు అడిగే ప్రశ్నలు మీకు చిన్నపిల్లల ప్రశ్నల్లా ఉండొచ్చు. సిబ్బందిలో ఒకరికి జ్వరం వస్తే ఏ ఆసుపత్రికి పంపుతారు, అక్కడ డాక్టరుకు ఏ వైరస్ అని చెబుతారా, చుట్టుపక్కల ఎన్ని కోళ్ల ఫారాలున్నాయి అని మాత్రం వాళ్లే అడుగుతారు.

నిర్ణయం ఏదైనా ఒక పేరాలో బయటపెట్టండి. పద్ధతుల వివరాలు అక్కర్లేదు, వ్యాపార రహస్యాలు అక్కర్లేదు. ఫలానా రకం పని వచ్చింది, ఈ కారణంగా ఒప్పుకున్నాం లేదా మార్చమన్నాం అని చాలు. చిన్న చిన్న పొరపాట్లు, అంటే గ్లవ్ చిరగడం, గొట్టం పగలడం లాంటివి చెప్పుకున్న సిబ్బందిని శిక్షించొద్దు. శిక్షిస్తే చెప్పడం మానేస్తారు. ఫారాల్లో మేం చూసింది అదే.

పని నిలిచిపోతుందని భయపడేవాళ్లకు ఒక మాట. మొత్తానికి ఆపేయడం వల్ల జరిగే నష్టమూ తెలిసిందే. 2014 అక్టోబరులో అమెరికా ఫ్లూ, సార్స్, మెర్స్ వైరస్‌లను ఇలా బలపరిచే ప్రయోగాలకు నిధులు నిలిపేసినప్పుడు, మెర్స్ టీకా పరీక్షించడానికి ఎలుకలను సిద్ధం చేస్తున్న పనులు కూడా ఆ వలలో పడ్డాయి. తర్వాత మినహాయింపులు ఇవ్వాల్సి వచ్చింది. 2017 డిసెంబరులో కొత్త సమీక్షా పద్ధతితో ఆ నిలుపుదల ఎత్తేశారు. 2024లో ఇంకో విధానం ప్రకటించారు, అది అమల్లోకి రావాల్సిన ముందురోజు, 2025 మే 5న, అధ్యక్షుడు కొత్త ఉత్తర్వుతో మళ్లీ కదిపారు. పైనుంచి వచ్చే గొడ్డలి ఇలాగే ఉంటుంది, మంచిదాన్నీ చెడ్డదాన్నీ చూడదు. వంద ప్రపోజళ్లలో తొంభైతొమ్మిదికి ఆ పేజీలో "లేదు" అని రాసి ముందుకు పోవచ్చు. అలా రాసినవాళ్ల సంతకం ఉంటే చాలు.

మీ తర్వాతి సమావేశం ఎజెండాలో ఈ ఒక్క పేజీ విషయం చేర్చండి. వద్దనుకుంటే ఎందుకు వద్దనుకున్నారో మినిట్స్‌లో రాయండి. మీ ప్రాంతపు కోళ్ల రైతుల సంఘాలకు కూడా ఈ లేఖ ప్రతి పంపుతున్నాను. వాళ్లు వచ్చి అడిగితే మినిట్స్ చూపించండి.

ఇట్లు,
గోదావరి జిల్లాల్లో పనిచేసి రిటైరైన ఒక పశువైద్యుడు